మధ్యలో ఆపకూడని పాట

మొన్న కాలేజీలో పాఠం చెబుతుంటే మా అత్త గుర్తొచ్చింది. ఆమె గుర్తు రావలసిన చోటు కాదది. పాఠం పందొమ్మిదో శతాబ్దపు అమెరికా పల్లెటూరి కవయిత్రి ఒకామె గురించి. పొలం పనులు చేసుకునే ఇంటి మనిషి, పెద్దగా చదువుకోలేదు. చుట్టుపక్కల ఎవరింట్లో బిడ్డ పోయినా, ఎవరు నీళ్ళలో పడి చచ్చినా, పొయ్యి దగ్గర పని ముగించుకొచ్చి ఒక పద్యం రాసేది. చచ్చిన ప్రతివాళ్ళనీ దేవదూతను చేసేది. పట్నం పత్రికలవాళ్ళు వాటిని అచ్చేసి పడీపడీ నవ్వుకున్నారు. ఆమె పాపం ఆ నవ్వును మెచ్చుకోలు అనుకుని ఇంకా రాసింది. ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి, "మేడమ్, మా వీధి మూలలో చావు బ్యానర్లు రాసేది కూడా ఈమేనా?" అంది. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఈమె మా అత్త నోట్లో పడి ఉంటే ఏమయ్యేదో అనుకున్నాను.

మా అత్తా పల్లెటూరి కవయిత్రే. ఆమె కూడా చచ్చినవాళ్ళ మీదే పాడింది. కానీ ఒక్కరినైనా దేవదూతను చేసిన పాపాన పోలేదు.

మా వాళ్ళు ఎన్ని తరాల కిందట ఈ పుదుచ్చేరి పక్కకు వచ్చి స్థిరపడ్డారో ఎవరికీ సరిగ్గా తెలీదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తెలుగులో మాట్లాడతారు, తిట్టుకుంటారు, ఏడుస్తారు. చదవడం మాత్రం రాదు. నాకు వచ్చిందంటే నెల్లూరు మనిషిని కట్టుకున్నందువల్ల. ఆయన వల్ల నాకు ఒరిగింది అదొక్కటే. అత్త మా నాన్నకు అక్క. తమిళం కూడబలుక్కుని చదివేది. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు పోతే, బిడ్డాపాపా లేకుండా అరియాంకుప్పంలో మా ఇంటికే తిరిగొచ్చేసింది. వచ్చినప్పటి నుంచీ మా వేరుశనగ చేలో కలుపు తీస్తూ పాటలు కట్టింది.

మాలో పీనుగ ముందు ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని పాడుతూ ఏడుస్తారు. తమిళులు దాన్ని ఒప్పారి అంటారు, మేమూ అదే అంటాం. ఆ ఇంట్లో పుట్టిన ఆడబిడ్డ ఎత్తుకోవాలి, తక్కినవాళ్ళు వంత పాడాలి. ఎత్తుకున్న పాటను మధ్యలో ఎవరూ ఆపకూడదు. ఆపితే ఏడాది తిరక్కుండా ఆ ఇంట్లోంచి ఇంకో పాడె లేస్తుందని నమ్మకం. ఈ కట్టుబాటుతో మామూలుగా ఎవరికీ ఇబ్బంది ఉండదు, ఎందుకంటే అందరూ పొగడ్తలే పాడతారు. మా అత్త మాత్రం ఇందులో తనకు పనికొచ్చేది ఏముందో చిన్న వయసులోనే కనిపెట్టింది. ఎవరూ ఆపకూడదు కాబట్టి ఏమైనా పాడొచ్చు.

పాలు పోసే ముసలాయన పోయినప్పుడు నేను చిన్నపిల్లను. మనవలు ఆయన నోట్లో నీళ్ళు పోస్తున్నారు. ఆ ఇంటి ఆడబిడ్డకు పాట రాదని అత్తను పిలిచారు. అత్త కుడి మోకాలు పైకి పెట్టుకుని, నమిలే ఆకును బుగ్గన పెట్టి, అరచేత్తో నేలను ఒక్కసారి తట్టి ఎత్తుకుంది.

పాలల్లో నీళ్ళు కలిపితివి గదా తాతా
ఆ నీళ్ళే నీ నోట పోస్తా ఉండారు గదా తాతా

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ముందు వంత పాడారు. అర్థమయ్యాక నోళ్ళు మూశారు. ఆపకూడదని గుర్తొచ్చి మళ్ళీ పాడారు. ఆయన కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందనుకున్నాను, కాదు. పాట అయ్యాక అత్త చెంబెడు నీళ్ళు తాగి, "సరి, లేపండి" అంది. ఎప్పుడూ అదే మాట. ఆమె కంట్లో నీటిచుక్క నేనెన్నడూ చూడలేదు.

మొదట్లో గొంతు బాగుందని పిలిచేవాళ్ళు. తర్వాత్తర్వాత, పిలవకపోతే ఈ ఇంట్లో ఏదో దాస్తున్నారని ఊరు అనుకుంటుందేమోనని పిలిచారు. ఎవరూ పిలవకపోయినా ఆమే వచ్చేది.

ఆ పాటలు చావు రోజున పుట్టేవి కావు. అత్త పని చేసే పద్ధతి వేరు. ఎవరైనా మంచాన పడ్డారని తెలిస్తే బత్తాయిలు కొనుక్కుని బస్సెక్కేది. మంచం కాళ్ళ దగ్గర నిలబడి, మనిషిని తల నుంచి పాదాల దాకా ఒక్క చూపు చూసేది. "ఎట్టుండాది?" అని అడిగేది, జవాబు వినేది కాదు. తట్టాంచావడి ఫ్యాక్టరీలో గుండె పట్టుకుని పడిపోయిన ఒకాయన, ఆమె ఆసుపత్రి గుమ్మంలో కనబడగానే లేచి కూర్చుని, "నాకేం లేదక్కా, గ్యాసు" అన్నాడట. ఆయన నిజంగానే బతికాడు. ఆయన కోసం కట్టిన పాట దండగైపోయిందని అత్త చాలాకాలం బాధపడింది. "మంచి పాటమ్మే" అనేది నాతో, తప్పిపోయిన దూడ గురించి చెప్పినట్టు.

వీధి మూలల్లో చచ్చినవాళ్ళ ఫోటోలతో కట్టే ఫ్లెక్స్ బ్యానర్లంటే ఆమెకు ఒళ్ళుమంట. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని పైకే చదివేది. "ఈడు బంగారమంట. ఆడూ బంగారమే అంట. ఊర్లో ఇంత బంగారముండాదా? మనకి తెల్లేదే." ముందు సీటువాళ్ళు తిరిగి చూసేవాళ్ళు. "షాపోడు అందరికీ అవే నాలుగు లైన్లు అచ్చు కొడతాడు. ఫోటో ఒకటే మారతాది. నేను పోయినాక నాకు అట్ట బంగారమని పెట్టినారంటే లేచొచ్చి చింపతా, చెప్తా ఉండా" అనేది.

పట్నంలో తెలుగువాళ్ళ సంఘం ఒకటి ఆమెను ఒకసారి వేదిక ఎక్కించింది. నేనే తీసుకెళ్ళాను. శాలువా కప్పారు. అధ్యక్షుడు, మా వాళ్ళలోనే బాగా కలిగినాయన, మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడి, ఇప్పుడు అమ్మ ఒక పాట పాడతారన్నాడు.

అత్త సభను ఒకసారి కలయజూసి, "ఎవురు పోయినారు?" అంది.

"ఎవరూ పోలేదమ్మా. ఊరికే ఒక పాట."

"ఎవురూ పోకుండా ఎట్ట పాడేది?"

"ఎవరో ఒకరు పోయారనుకుని పాడండి" అన్నాడాయన నవ్వుతూ.

ఎవరి పేరైనా చెప్పి ఉంటే బతికిపోయేవాడు. అత్త ఆయన్ను తల నుంచి పాదాల దాకా చూసింది. ఆమె వేదిక మీదే కూలబడి, మోకాలు పైకి పెట్టుకుని చెక్కను తట్టింది.

మైకు పట్టుకుంటే ఇడవవు గదా నాయనా
యముడొచ్చి పిలిచినా ఇంకొక్క మాటంటివి గదా నాయనా

సభ విరగబడి నవ్వింది. తర్వాతి చరణంలో ఆయన జుట్టుకు వేసుకున్న రంగు వచ్చింది. ఆ తర్వాత ముందు వరసలో కూర్చున్న ఆయన భార్య వైపు తిరిగి, ఈ రాత్రి నుంచి నీకు కంటినిండా నిద్రమ్మా అని పాడింది. భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. అప్పుడు సభ నవ్వడం మానేసింది. ఆపమనడానికి ఆయన చెయ్యెత్తాడు, మళ్ళీ దించేశాడు. మావాడే కదా, నమ్మకం ఉన్నవాడే. ప్రాణాలతో కుర్చీలో కూర్చుని తన చావుపాట చివరిదాకా విన్నాడు. తిరుగు బస్సులో అత్త శాలువా తడిమి చూసుకుని, "గుడ్డ మంచిదే. మనిషే పల్చన" అంది.

ఇవన్నీ ఊరివాళ్ళకు నవ్వుకునే కథలు. మా ఇంట్లో మేం నవ్వలేదు. మా అమ్మ తన చావుకన్నా ఆ రోజు పాడబోయే పాటకే ఎక్కువ భయపడి బతికింది.

నాకన్నా ముందు అమ్మకు ఒక పాప పుట్టి పోయింది. ఒక సాయంత్రం పాపకు ఒళ్ళు వెచ్చగా ఉంటే అత్త దగ్గర వదిలి, అమ్మ పక్కింటి ఆడవాళ్ళతో కలిసి పట్నంలో సినిమాకు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పాప ఫిట్సు వచ్చి పోయింది. నాకు తెలిసింది అంతే, ఇంట్లో అందరికీ తెలిసిందీ అంతే. అమ్మ మళ్ళీ సినిమా హాలు గడప తొక్కలేదు. టీవీలో సినిమా పాట వచ్చినా లేచి వంటింట్లోకి పోయేది. ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ ఇంట్లో అత్త ఉంది కదా.

నాన్న పోయినప్పుడు అత్త సొంత తమ్ముడని కూడా చూడలేదు.

ఇద్దరాడోళ్ళ నడమ నోరే లేదు గదా తమ్ముడా
ఈ పొద్దు గూడా ఒక్క మాట అనవు గదా తమ్ముడా

అమ్మ ఆ రోజు ఏడవలేదు. పాట సాగినంతసేపూ అత్త నోటివైపే చూస్తూ కూర్చుంది. తర్వాతి పాట తనదేనని ఆమెకు తెలుసు. కర్మకాండలు కాగానే నాతో మూలకుళంలో మా ఇంటికి వచ్చేసింది.

అక్కడే కడుపులో గడ్డ బయటపడింది. ఆసుపత్రిలో చేర్చామో లేదో అత్త బత్తాయిల సంచీతో దిగింది. మంచం కాళ్ళ దగ్గర నిలబడింది. అమ్మ దుప్పటి మొహం మీదికి లాక్కుంది. అత్త కాసేపు ఆ దుప్పటినే చూసి, సంచీ కింద పెట్టి వెళ్ళిపోయింది.

"నన్ను కొలుచుకోని పోయిందమ్మే అది" అంది అమ్మ దుప్పటి లోపల్నుంచే. "నేను పోతే దాన్ని రానియ్యొద్దు."

"అత్తను రావద్దని ఎట్టంటామమ్మా?"

"అయితే బిడ్డ మాట ఎత్తొద్దని చెప్పు. ఇన్నేళ్ళు మోసినా. పాడె మీద గూడా ఆ మాట నాతో రావాల్నా?"

ఆ మరుసటి రోజే అరియాంకుప్పం వెళ్ళాను. అత్త అరుగు మీద కూర్చుని వేరుశనగకాయలు వొలుస్తోంది. విషయం చెప్పాను. బతిమాలాను. చెయ్యి పట్టుకున్నాను కూడా. ఆమె చెయ్యి విడిపించుకుని ఇంకో కాయ అందుకుంది.

"ముక్క తీసేసి పాడేది నాకు చేతగాదమ్మే. పాడితే అంతా పాడతా. లేకుంటే లే."

"అయితే పాడనే వద్దు."

నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు. "సరి" అంది.

బస్సులో తిరిగొస్తూ గెలిచాననుకున్నాను. అమ్మకు చెప్పాను. ఆమె ఆ రాత్రి నా చేత్తో కాస్త రసం అన్నం తింది. ఆ తర్వాత ఎన్నాళ్ళో లేదు.

అమ్మను అరియాంకుప్పం ఇంటికే తీసుకెళ్ళాం. అత్త వచ్చి తల దగ్గర కూర్చుంది. చుట్టూ ఆడవాళ్ళు చేరి భుజాల మీద చేతులు వేసుకున్నారు. అత్త మోకాలు పైకి పెట్టుకుంది, ఆకు బుగ్గన పెట్టింది. అందరూ అరచెయ్యి వైపు చూస్తున్నారు. ఆ చెయ్యి నేల మీద పడలేదు. అలాగే కూర్చుంది. ఆమె ఉండగా ఇంకొకరు ఎత్తుకునే ధైర్యం ఎవరికీ లేదు, నాతో సహా. మగవాళ్ళు వచ్చి లేపమంటారా అని రెండుసార్లు అడిగారు. చివరికి అత్త నీళ్ళు తాగింది. "సరి, లేపండి" అంది. పాట లేకుండా మా ఊళ్ళో లేచిన పీనుగ మా అమ్మదొక్కటే.

నేను అడిగింది అదే, ఆమె ఇచ్చింది కూడా అదే. కానీ ఊరు ఊరుకుంటుందా? సొంత తమ్ముణ్ణి వదలని మనిషి, పాలవాణ్ణి వదలని మనిషి, మరదలి దగ్గరికొచ్చేసరికి నోరు విప్పలేదంటే, ఆ మరదలు నోటితో చెప్పలేని పని ఏదో చేసి ఉండాలి. పాడి ఉంటే ఒక సినిమా, ఒక జ్వరం, అంతటితో పోయేది. ఇప్పుడు దానికి అంతు లేదు. పదహారో రోజు కర్మ భోజనాల నాటికి, మేం కారియం అంటాం, మా అమ్మకు ఒక మగవాణ్ణి కూడా తయారుచేశారు. మా రూటులో ఎప్పుడో పనిచేసి వెళ్ళిపోయిన బస్సు కండక్టరట. అరిటాకుల ముందు కూర్చున్నవాళ్ళు చెప్పుకుంటుంటే నేను సాంబారు వడ్డిస్తూ విన్నాను.

"ఎందుకు పాడలా?" అని అత్తను నిలదీశాను.

"నువ్వే గదా వద్దంటివి" అంది. ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడటం మానేశాను.

ఆమె మంచాన పడి, రమ్మని మళ్ళీ మళ్ళీ కబురు పెడితే చాలా ఏళ్ళకు వెళ్ళాను. బత్తాయిలు కొనుక్కునే వెళ్ళాను. మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఆమెను తల నుంచి పాదాల దాకా చూశాను. ఆమెకు అర్థమైంది. పళ్ళు లేని నోటితో నవ్వింది.

"నేను పోతే ఈ ఇంటి ఆడబిడ్డ నువ్వే గదా. నువ్వే ఎత్తుకోవాల."

"చూద్దాం."

"ఒకటి చెప్తా, అది పాడాల. ఆ పొద్దు మీయమ్మ సినిమాకి పోనని అనింది. బిడ్డకి ఒళ్ళు కాలతా ఉండాది వొదినా, నేను పోను అనింది. నేనే పొమ్మన్నా. పళ్ళొస్తా ఉండాయి, అట్టనే కాలతాది, నువ్వు పో అని తోస్తి."

"పళ్ళ జ్వరం కాదని నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి?"

"ఆమె ఉంటే బిడ్డని నా చేతికి ఇచ్చేదా? ఒక్క సందకాడన్నా నా ఒళ్ళో ఉండనీ అనుకుంటి. డాక్టరు కాడికి పోతే ఒళ్ళోనుంచి దించాల గదా. కషాయం పోసి కూర్చుంటి. కూర్చునే ఉంటి."

నేను కూర్చోలేదు. ఆమె దుప్పటి అంచు వేళ్ళతో మెలిపెడుతోంది.

"మీయమ్మ ఎవురికాడా నా పేరెత్తలా. పోయింది నేను గదా అని తనే మోసింది. ఆమెకి పాడాలంటే దాంట్లో నేనూ వస్తా. అందుకే నోరు రాలా. నువ్వు వద్దన్నందుకు కాదు."

"ఇప్పుడు అందర్నీ పిలిచి చెప్పొచ్చు గదా."

"బతికుండి చెప్పే దైర్యముంటే పాటలెందుకు కడతా?" అంది. దుప్పటి అంచు వదిలేసి, "అది పాడమ్మే. ఒక్క ముక్క దాచొద్దు. మీయమ్మ పేరు నిలబడతాది. నేను తేలిగ్గా పోతా" అంది.

తేలిగ్గా పోతానన్న ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఏం చేసేదాన్నో తెలీదు. ఆ మాట చెవిన పడ్డాక నాకు ఇంకేమీ వినబడలేదు. బత్తాయిలు పక్కన పెట్టి వచ్చేశాను.

ఆమె పోయిన రోజు వీధి మూలలో ఫ్లెక్స్ కట్టించింది నేనే. షాపువాడు ఏ లైన్లు పెట్టమంటారని అడిగితే, అందరికీ పెట్టేవే పెట్టమన్నాను. ఇంట్లో మా ఆడవాళ్ళంతా చేరారు. పాలవాడి కోడలు, ముసలిదైపోయింది, ముందే వచ్చి మంచి చోటు చూసుకుని కూర్చుంది. వీళ్ళలో ప్రతి ఒక్కరి ఇంటి పీనుగనూ అత్త ఉతికి ఆరేసింది. నేను చదువుకున్నదాన్ని, అత్త రక్తం ఉన్నదాన్ని, తల్లి విషయంలో ఆమె మీద కోపం ఉన్నదాన్ని. వాళ్ళు నా నోటివైపు పండగ భోజనానికి వచ్చినట్టు చూస్తున్నారు.

నాకు నిజం తెలుసు. అది పాడితే మా అమ్మ మీద పడ్డ కండక్టరు పోతాడు, సినిమా పోతుంది. మాలో పాటగా పాడిందే నిజం, ఊరికే చెబితే ఎవరూ నమ్మరు. పాడాల్సిన చోటు అదే, ఇంకో అవకాశం రాదు. ఇదంతా తెలిసే కుడి మోకాలు పైకి పెట్టుకున్నాను. నేలను తట్టాను.

బంగారమంటి అత్తవి గదా, పాలమనసు తల్లివి గదా
చీమకైనా కీడు తలవని చల్లని చేతులు నీవి గదా

షాపువాడి లైన్లే, తెలుగులోకి తిప్పాను. ఆడవాళ్ళు వంత పాడి, అసలు ముక్క కోసం ఎదురుచూశారు. రాలేదు. నేను ఇంకో బంగారం, ఇంకో వెన్న, ఇంకో కర్పూరం పాడుకుంటూ పోయాను. అమెరికా ఆమె ఉండి ఉంటే నన్ను కౌగిలించుకునేది. పాలవాడి కోడలి మొహం వాడిపోయింది. కాసేపటికి ఎవరికి వాళ్ళు తమ ఇంటి చావులు గుర్తొచ్చి నిజంగానే ఏడవడం మొదలుపెట్టారు. ఎవరూ ఆపలేదు. ఆపకూడదు కదా. అత్త దవడ జారకుండా గడ్డం కింద నుంచి తల మీదికి గుడ్డ బిగించి కట్టారు. ఆ నోటివైపే చూస్తూ, నాకు వచ్చిన మంచిమాటలన్నీ అయిపోయేదాకా పాడాను. తర్వాత చెంబెడు నీళ్ళు తాగి, "సరి, లేపండి" అన్నాను.

మా అమ్మకు ఆ కండక్టరు అలాగే ఉండిపోయాడు. కారియం నాడు కూడా ఆకుల ముందు ఎవరో ఆ మాట తెచ్చారు, నేను సాంబారు వడ్డిస్తూనే ఉన్నాను.

జరిగింది జరిగినట్టు, ఒక్క ముక్క దాచకుండా, ఇక్కడ రాశాను. తెలుగులో రాశాను. మా వాళ్ళలో ఇది చదవగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు.